అడిస్ అబాబాలో ఒక్క పగలు: గైడుతో నడక పెట్టుకోవచ్చా?

లూసాకా_కోడలు:
అందరికీ నమస్తే. వచ్చే నెల మా అత్తయ్యగారిని తీసుకుని జాంబియాలోని లూసాకా వెళ్తున్నాను, మా ఆయన ఉద్యోగం అక్కడే. దారిలో ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో ఒక పగలూ ఒక రాత్రీ ఆగాలి. దిగేది శుక్రవారం పొద్దున్న. వీసా సంగతి చూసుకున్నాం. హోటల్ వాళ్ళు మూడు గంటల నడక ఉందంటున్నారు: మ్యూజియం, చర్చిలు, పియాసా అనే పాతపేట, మెర్కాటో అనే పెద్ద బజారు, అన్నీ చూపిస్తారట. అత్తయ్యగారికి 64. రోజూ పార్కులో నడుస్తారు కానీ మోకాళ్ళు అంతంతమాత్రం, మెట్లంటే భయం. పూర్తి శాకాహారి. వెళ్ళినవాళ్ళెవరైనా చెప్తారా?

సుఖప్రయాణం:
నడక ఎందుకండీ. టాక్సీ మాట్లాడుకుని ఎంటోటో కొండెక్కి ఊరంతా పైనుంచి చూసేసి, హోటల్‌కొచ్చి పడుకోండి.

తెనాలి_లెక్కల_మాస్టారు:
అమ్మా, నడవండి. కానీ ఆ 'అన్నీ' మాత్రం ఒప్పుకోకండి.

2011 నుంచి నాలుగేళ్ళు ఇథియోపియాలో ఒక యూనివర్సిటీలో లెక్కలు చెప్పాను. ఏ పని పడ్డా అడిస్‌కి రావాల్సిందే. మొదటిసారి నేనూ ఇలాంటి 'అన్నీ' నడకే కొన్నాను. ఆయాసం తప్ప ఒక్కటీ గుర్తులేదు. ఆ ఊరు సముద్రమట్టానికి దాదాపు 2,350 మీటర్ల ఎత్తున ఉంది, ఊటీ కంటే పైన. నేను తెనాలి వాణ్ణి, మాకు ఎత్తంటే రైల్వే బ్రిడ్జి.

అందుకని ఒక్కటే సూత్రం: నీళ్ళు పారేవైపు నడవాలి. ఊరు ఉత్తరాన ఎంటోటో కొండల నుంచి దక్షిణానికి వాలుగా ఉంటుంది. కారులో సిదిస్ట్ కిలో దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి అరాట్ కిలోకి నడుచుకుంటూ దిగండి. అమ్హారిక్‌లో సిదిస్ట్ అంటే ఆరు, అమిస్ట్ అంటే ఐదు, అరాట్ అంటే నాలుగు. పేర్లలో కూడా దిగుడే. రెండు కిలోమీటర్ల లోపే, కానీ పూట గడిచిపోతుంది.

సిదిస్ట్ కిలో కూడలిలో ఒక రాతి స్తంభం ఉంటుంది. దాని పేరు యెకాతిత్ 12, అది వాళ్ళ క్యాలెండర్ తేదీ. మన లెక్కలో 1937 ఫిబ్రవరి 19. అప్పట్లో దేశం ఇటలీ చేతిలో ఉంది. ఆ రోజు ఇటలీ వైస్రాయ్ గ్రజియానీ మీద ఇద్దరు ఎరిట్రియా కుర్రాళ్ళు గ్రెనేడ్లు విసిరారు. వాడు గాయాలతో బతికాడు. తర్వాత మూడు రోజులు ఇటలీ వాళ్ళు ఊరి మీద పడి వేలమందిని చంపారు. స్తంభం చుట్టూ ఆ దృశ్యాలే చెక్కి ఉంటాయి. నాకు రెండోసారి దొరికిన గైడు రిటైరైన బడిపంతులు. అక్కడ ఆయన పెద్దగా ఉపన్యాసం ఇవ్వలేదు. చెక్కిన బొమ్మల్లో ఒకదాని మీద వేలు పెట్టి ఊరుకున్నాడు. "మీవాళ్ళెవరైనా?" అని అడిగితే ఊపిరి 'హ్' అని లోపలికి లాగాడు. వాళ్ళు ఔననడం అలాగే. మొదట్లో నేను ఉబ్బసం అనుకునేవాణ్ణి.

ఎదురుగా యూనివర్సిటీ. అంతకుముందు అది హైలే సెలాసీ చక్రవర్తి భవనం. లోపల మ్యూజియంలో ఆయన పడగ్గది, స్నానాలగది అలాగే ఉంచారు. కానీ నాకు ఆ ఊళ్ళో అన్నిటికన్నా నచ్చింది ఆ ఆవరణలోనే ఉన్న ఒక మెట్ల వరస. ఏ మేడకీ చేర్చదు, మెలి తిరిగి పైకి పోయి ఆకాశంలో ఆగిపోతుంది. ముస్సోలినీ 1922లో అధికారంలోకి వచ్చిన దగ్గర్నుంచి ఏడాదికో మెట్టు చొప్పున ఇటలీ వాళ్ళు కట్టుకున్నారు. 1941లో వాళ్ళు పోయాక ఇథియోపియా వాళ్ళు దాన్ని కూలగొట్టలేదు. చిట్టచివరి మెట్టు మీద ఒక చిన్న సింహాన్ని కూర్చోబెట్టారు. అంతే! ఆ మెట్లు అత్తయ్యగారు ఎక్కక్కర్లేదు, సింహం ఒక్కటే చాలు.

అమిస్ట్ కిలో దగ్గర నేషనల్ మ్యూజియం. అతి ప్రాచీన మానవజాతి ఆడమనిషి అస్థిపంజరం 'లూసీ' కింది అంతస్తులో ఉంటుంది, అక్కడ కాసిని మెట్లు తప్పవు, నెమ్మదిగా. అరాట్ కిలో చేరాక హోలీ ట్రినిటీ చర్చి. చక్రవర్తిని చనిపోయిన పాతికేళ్ళకి, 2000లో, తెచ్చి అక్కడ పెట్టారు. బయట ఇథియోపియా పక్షాన పోరాడిన ఇంగ్లీషావిడ సిల్వియా పాంఖర్స్ట్ సమాధి కూడా ఉంది. అక్కడితో కారెక్కేయండి.

రెండు జాగ్రత్తలు. గైడు "మూడింటికి వస్తాను" అంటే ఏ మూడో అడగండి. వాళ్ళ గడియారం సూర్యోదయంతో మొదలవుతుంది, మన పొద్దున్న ఏడు వాళ్ళకి ఒంటిగంట. నేను మధ్యాహ్నం మూడింటికి తీరిగ్గా వెళ్తే, ఆ పంతులుగారు పొద్దున్న తొమ్మిదికే వచ్చి చూసి చూసి వెళ్ళిపోయాడు. "ఫెరెంజి టైమా, హబెషా టైమా?" అనండి. ఫెరెంజి అంటే తెల్లోళ్ళు, విదేశీయులు. మన పరంగి మాటే. హబెషా అంటే వాళ్ళే, ఇథియోపియా వాళ్ళు. రెండోది, 'ఇషీ' అంటే సరే అని. మీ అత్తయ్యగారు ఏదైనా అడిగినప్పుడు గైడు "ఇషీ" అంటే ఛీకొట్టాడనుకోకుండా ముందే చెప్పి ఉంచండి.

శుక్రవారం దిగడం మీ అదృష్టం. బుధ, శుక్రవారాలు ఆర్థడాక్స్ క్రైస్తవులకి ఉపవాసం. అంటే మానెయ్యడం కాదు, మాంసం, పాలు, నెయ్యి లేకుండా తినడం. "యెత్సోమ్ బెయాయ్నెటు" అని అడగండి. ఇంజెరా మీద ఏడెనిమిది రకాల పప్పులు, కూరలు కుప్పలుగా పెట్టి తెస్తారు. ఇంజెరా అంటే రెండోవైపు తిప్పి కాల్చని పెద్ద పుల్లదోసె, టెఫ్ అనే చిన్న గింజల పిండితో వేస్తారు. ఉల్లి, వెల్లుల్లి మాత్రం దండిగా ఉంటాయి. అందరూ ఒకే పళ్ళెంలో తింటారు కనుక, ఎంగిలి పట్టింపు ఉంటే వేరే పళ్ళెం చెప్పండి.

కంపాలా_కుర్రోడు:
మాస్టారు చెప్పిన దారే బెస్ట్. పోయినేడు వెళ్ళాను. పాత పియాసా కోసం మాత్రం వెళ్ళకండి, 2024లో చాలావరకు పడగొట్టేశారు. రోడ్లు వెడల్పయ్యాయి, నడవడానికి ఫుట్‌పాత్‌లు హాయిగా ఉన్నాయి, పాత ఇళ్ళే లేవు. 1896లో ఇటలీని ఓడించిన అద్వా యుద్ధం పేరుతో పెద్ద మ్యూజియం కట్టారు, ఓపికుంటే చూడండి. మెర్కాటోకి పెద్దావిడతో వద్దు, తోపులాట. ఫోన్ లోపలి జేబులో పెట్టుకోండి. పోలీసులనీ ప్రభుత్వ భవనాలనీ ఫొటో తీయొద్దు.

తెనాలి_లెక్కల_మాస్టారు:
పియాసాలో చెక్క బాల్కనీ ఉన్న ఒక మేడ కింద గడియారాలు బాగుచేసే ముసలాయన ఉండేవాడు. నా టైటాన్ వాచీ బ్యాటరీ మార్చి డబ్బులు తీసుకోలేదు. బళ్ళో ఆయనకి చదువు చెప్పింది ఇండియన్ టీచరట. ఆ తరంలో చాలామంది ఆ మాట చెప్తారు. "కేరళా?" అన్నాడు. కాదు, ఆంధ్ర అన్నాను. "అది కేరళలో ఎక్కడ?" అన్నాడు. ఆ మేడ ఉందో లేదో.

లూసాకా_కోడలు:
లూసాకా చేరాం. ఏం జరిగిందో చెప్పకపోతే బాగోదని రాస్తున్నాను.

హోటల్ వాళ్ళ 'అన్నీ' వద్దన్నాం. ఒకమ్మాయి గైడుగా వచ్చింది, టైము విషయం ముందే అడిగాను, పకపకా నవ్వింది. సిదిస్ట్ కిలో నుంచి దిగుడే అయినా నాకే రెండుసార్లు ఊపిరి ఆడక ఆగాల్సొచ్చింది. అత్తయ్యగారు ఆగలేదు.

లూసీ దగ్గర చాలాసేపు నిలబడ్డారు. అక్కడ పెట్టింది నమూనాయే, అసలు ఎముకలు భద్రంగా దాచారట. మనిషి మూడున్నర అడుగులు. 1974లో అక్కడి అఫార్ ప్రాంతంలో దొరికింది, వయసు 32 లక్షల ఏళ్ళు, వాళ్ళు పిలిచే పేరు దిన్కినెష్. రెండు కాళ్ళ మీద నిటారుగా నడిచేదని తుంటి, మోకాలి ఎముకలు చూసి కనిపెట్టారని ఆ అమ్మాయి చెప్పింది. నేను తెలుగులో చెప్తే అత్తయ్యగారు, "32 లక్షల ఏళ్ళనాటి మోకాలు చూసి ఎలా నడిచేదో చెప్పగలిగారు. నాది రెండుసార్లు ఎక్స్‌రే తీసి కూడా ఏం చెప్పలేకపోయారు" అన్నారు. ఆ అమ్మాయికి ఇంగ్లీషులో చెప్తే ఊపిరి లోపలికి లాగింది. మాస్టారూ, మీరు చెప్పకపోయుంటే భయపడేదాన్నే.

మధ్యాహ్నం అత్తయ్యగారికి వేరే పళ్ళెం చెప్పాం. షిరో అనే శనగపిండి పులుసు బాగా నచ్చింది. వీళ్ళకి గుర్షా అని ఉందట, ముద్ద చేసి ఎదుటివాళ్ళ నోట్లో పెట్టడం. ఆ అమ్మాయి షిరోలో ఇంజెరా ముంచి ముద్ద చేసి చెయ్యి చాపింది. మా ఇంట్లో నా గ్లాసులో నీళ్ళు కూడా తాగని మనిషి. ఒక్క క్షణం నా వైపు చూసి, నోరు తెరిచారు. తర్వాత "గోరుముద్దలు అనుకున్నాను, పోనీలే" అన్నారు.

మెట్ల మీద సింహం ఫొటో పెడుతున్నాను, వెనకవైపు నుంచే వచ్చింది. ముందువైపు డిగ్రీ గౌన్లేసుకున్న పిల్లలు ఫొటోలు దిగుతున్నారు, వాళ్ళని జరగమనలేకపోయాను.