నవల టైపు చేయాలి: వర్డా, లిబ్రే ఆఫీసా, స్క్రివెనరా? మీరేం వాడుతున్నారు?

పెన్నాతీరం
నమస్తే అండీ. టీచరుగా చేసి రిటైరయ్యాను, మాది ప్రొద్దుటూరు దగ్గర. నాలుగేళ్లుగా లాంగ్ నోట్‌బుక్కుల్లో ఒక నవల రాసుకుంటూ వచ్చాను. ఐదు పుస్తకాలు, 412 పేజీలు. ఇప్పుడు నేనే టైపు చేసుకోవాలని కూర్చున్నా. మా అబ్బాయి లాప్‌టాప్ కొనిచ్చి "వర్డ్ ఉంది కదమ్మా, ఇంకేం కావాలి" అంటాడు. ఊళ్లో జిరాక్సు షాపు కుర్రాడేమో అను అనే పాత తెలుగు ఫాంట్లలో కొడితేనే ప్రెస్సువాళ్లు తీసుకుంటారంటాడు. తెలిసినావిడ ఒకరు స్క్రివెనర్ అని రచయితల సాఫ్ట్‌వేర్ కొనమంది. ఎవరి మాట వినాలో తెలియడం లేదు.

అధ్యాయాలు ముందుకీ వెనక్కీ జరుపుకోగలగాలి. సీమ యాసలో సంభాషణలు రాస్తే పేజీ అంతా ఎర్రగీతలు పడకూడదు. అచ్చుకి ఇచ్చేటప్పుడు మళ్లీ మొదట్నుంచి కొట్టే పని ఉండకూడదు. ఒకసారి డబ్బు పెట్టమంటే పెడతాను, ఏటేటా కట్టేదైతే వద్దు.

డీటీపీ_సూరి
మేడమ్, విజయవాడలో 20 ఏళ్లకు పైగా డీటీపీ, అంటే కంప్యూటర్లో పుస్తకాల పేజీలు కూర్చే పని, చేస్తున్నా. అను మీద బతికినవాణ్ని, నేనే చెప్తున్నా: మీరు అనులో కొట్టకండి.

ఎందుకంటే అనులో మీరు "అమ్మ" అని కొడితే ఫైల్లో ఉండేది "అమ్మ" కాదు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు పెట్టి చూపిస్తుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలే. ఫోన్లో చదవలేరు, వెతకలేరు, మీ అబ్బాయికి మెయిల్లో పంపినా అర్థం కాదు. పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ కాలంలో మాకు వేరే దారి లేదు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత వెర్షనే లేదు. అయినా చాలా ప్రెస్సుల్లో ఇప్పటికీ అదే తిరుగుతోంది, అది వేరే సంగతి.

మీరు యూనికోడ్‌లో కొట్టండి, అంటే ఏ కంప్యూటర్లో తెరిచినా తెలుగు అక్షరం తెలుగు అక్షరంగానే ఉండే పద్ధతి. ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఫర్వాలేదు, యూనికోడ్ అయితే చాలు. ప్రెస్సువాడికి అను కావాలంటే వాడే కన్వర్టర్‌లో వేసుకుంటాడు.

కథలపిచ్చి
సూరన్న చెప్పింది నిజం, కానీ ఆ కన్వర్టర్ దగ్గరే అసలు తంటా. నా కథల పుస్తకానికి ఏం జరిగిందో చెప్తాను. యూనికోడ్ ఫైలిచ్చాను. ప్రెస్సులో అనులోకి మార్చారు. ప్రూఫులు మూడుసార్లు దిద్దాను, ఆ దిద్దుబాట్లన్నీ అను ఫైల్లోనే జరిగాయి. రెండేళ్లకి ఈబుక్ వేద్దామని చూస్తే నా దగ్గరున్నది దిద్దని పాత ఫైలు. వాళ్ల దగ్గరున్న అను ఫైలు వెనక్కి యూనికోడ్‌లోకి మారిస్తే వత్తులు కొన్ని పక్క అక్షరానికి అంటుకున్నాయి. చివరికి అచ్చు పుస్తకం ఎదురుగా పెట్టుకుని మళ్లీ మొత్తం దిద్దుకున్నా. తొమ్మిది ఆదివారాలు పోయాయి. మీరు మాత్రం ప్రూఫులో ఏది మార్చినా అదే రోజు మీ ఫైల్లో కూడా మార్చుకోండి మేడమ్.

ఇక స్క్రివెనర్. నేను వాడతాను. ఒక్కో సన్నివేశం ఒక్కో చీటీలా ఉంటుంది, బోర్డు మీద అట్టముక్కలు గుచ్చినట్టు కనిపిస్తాయి, పట్టుకుని జరుపుకోవడమే. తెలుగు యూనికోడ్ బాగానే చూపిస్తుంది. ఒకసారి కొంటే చాలు. ట్రయల్ 30 రోజులు, అదీ మీరు తెరిచిన రోజులే లెక్క. వారానికి రెండు రోజులు తెరిస్తే మూడు నెలలు దాటి వస్తుంది. కాకపోతే బయటికి తీయడానికి "కంపైల్" అని ఒకటుంది, అది అర్థమయ్యేసరికి నాకు ఒక కథ రాసేంత టైం పట్టింది. పైగా ప్రాజెక్టు అంటే ఒక్క ఫైలు కాదు, ఫోల్డరు నిండా ముక్కలు. ఇంట్లో ఒకటి, ఆఫీసులో ఒకటి రెండు కంప్యూటర్లలో ఒకేసారి తెరిచిపెట్టి ఒక అధ్యాయం పోగొట్టుకున్న ఘనత నాది. తప్పు నాదే.

నోట్‌ప్యాడ్_నారాయణ
నేను నోట్‌ప్యాడ్‌లో రాస్తా. అధ్యాయానికో ఫైలు, 01, 02, 03 అని పేర్లు. ఎర్రగీతల్లేవు, ఏ గోలా లేదు. అక్షరం పెద్దది చేసుకుంటే కళ్లకీ హాయి.

మంజీర
నారాయణ గారూ, 412 పేజీల నవలలో ఒక పాత్ర పేరు మార్చాలంటే అన్ని ఫైళ్లూ ఒక్కోటి తెరుస్తరా? 😀

పేరు మార్చుడంటే గుర్తొచ్చింది, మేడమ్ తప్పకుండా చదవాలె. నా నవలికల నాయిక పేరు సీత. మధ్యల వసుధ అని మార్చిన. "ఫైండ్ అండ్ రీప్లేస్"ల సీత తీసి వసుధ పెట్టి అన్నీ మార్చెయ్యమన్న. పండ్ల బండి సన్నివేశం తెరిచి చూస్తే "కిలో వసుధాఫలాలు ఎంత?" అని ఉంది. ఇంకో దగ్గర తోటల వసుధాకోకచిలుక ఎగురుతున్నది. పూర్తి పదమైతేనే మార్చు అని టిక్ పెడితే సీతాఫలం బతికింది గని సీతకు, సీతతో, సీతేమో ఇవన్నీ మారకుండ ఉండిపోయినయి. ఇంగ్లీషోళ్లకు ఈ బాధ తక్కువ, మనకు విభక్తులు పేరుకే అతుక్కుంటయి గద. ఒక్కోటి చూసి మార్చుకోవాల్సిందే. లేదా పాత్రకు మొదట్నే కుదురైన పేరు పెట్టుకోవాలె.

పెన్నాతీరం
వసుధాఫలం! మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను.

నిన్న ఇంకో ప్రయోగం చేశాను. చేతులు నొప్పెడుతున్నాయని ఫోన్లో నోటితో చెప్పి రాయించాను. వర్ణన వరకు బాగానే వచ్చింది. కానీ సంభాషణ దగ్గర నా నవల్లో గంగులప్ప "వస్తాండా" అంటే అది "వస్తాడా" అని రాస్తుంది. ఆయన "నేను వస్తున్నా" అంటుంటే అదేమో "అతను వస్తాడా" అని అడుగుతోంది. అర్థమే తిరగబడింది. నాలుగుసార్లు చెప్పాను, గొంతు పెంచి కూడా చెప్పాను. గంగులప్ప అడుగు ముందుకు వేయలేదు.

సిక్కోలు_చిన్నోడు
అమ్మా, మా సిక్కోలు యాసకీ అదే గతి. నోటితో చెప్పేది వర్ణనకి పెట్టుకోండి, సంభాషణలు చేత్తోనే కొట్టండి. గూగుల్ డాక్స్‌లోనూ తెలుగులో చెప్పి రాయించుకోవచ్చు గానీ ఫుల్‌స్టాప్ అని తెలుగులో పలికితే చుక్క పడదు, వాక్యాలు విడగొట్టే పని మనదే. ఒక డాక్యుమెంటుకి 10.2 లక్షల అక్షరాల పరిమితి ఉంది. మన గుణింతాలు, వత్తులు విడివిడిగా లెక్కకొస్తాయి. "స్త్రీ" అని చూడ్డానికి ఒక్కటే, కంప్యూటర్ లెక్కలో ఆరు. అయినా మీ నవల అందులో పట్టేస్తుంది లెండి.

కీబోర్డు సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? నా దృష్టిలో సాఫ్ట్‌వేర్ కన్నా అదే ముఖ్యం. "amma" అని ఇంగ్లీషులో కొడితే "అమ్మ" వచ్చే పద్ధతిలో నేను చాన్నాళ్లు రాశాను. విండోస్‌లో 2019 నుంచి అలాంటి కీబోర్డు దానితోపాటే వస్తోంది. కానీ ప్రతి మాటనీ మనసులో ఇంగ్లీషు స్పెల్లింగు చేసుకుని రాయడమంటే వాక్యం సగంలో తెగిపోతుంది. అందుకే ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్నా, నేరుగా తెలుగు అక్షరాలే కొట్టే కీబోర్డు అమరిక అది. ఎడమ చేతికి అచ్చులు, గుణింతాలు, కుడి చేతికి హల్లులు. మూడు వారాలు నరకం, ఆ తర్వాత చేతులు వాటంతటవే పోతాయి. మీరు ఎలాగూ కొత్తగా మొదలుపెడుతున్నారు కాబట్టి ఇదే నేర్చుకోండి.

లిబ్రే_లచ్చిమి
పెన్నాతీరం గారూ, మీరడిగిన వాటికి వర్డ్ లాంటిదే అయిన లిబ్రే ఆఫీస్ రైటర్ సరిపోతుంది, పైసా ఖర్చు లేదు. వర్డ్ ఎలాగూ ఉంటే అదైనా ఒకటే. ఒకేసారి కొనుక్కునే వర్డ్ కూడా ఉంది, ఏటేటా కట్టేదో కాదో మీ అబ్బాయిని అడగండి.

అధ్యాయాలు జరపడానికి స్క్రివెనరే అక్కర్లేదు. ప్రతి అధ్యాయం పేరునూ "హెడింగ్ 1" చేయండి. వర్డ్‌లో నావిగేషన్ పేన్, రైటర్‌లో నావిగేటర్ తెరిస్తే పేర్ల పట్టిక కనిపిస్తుంది. పేరు పట్టుకుని పైకి లాగితే అధ్యాయం మొత్తం దాంతోపాటే వెళ్తుంది. వర్డ్ పదేళ్లు వాడినవాళ్లు కూడా చాలామంది ఇది చూసి ఉండరు.

ఎర్రగీతలకి: వర్డ్‌లో మొత్తం సెలెక్ట్ చేసి, రివ్యూలో లాంగ్వేజ్ దగ్గర స్పెల్లింగ్ చూడొద్దు అని టిక్ పెట్టండి. తెలుగు స్పెల్‌చెక్‌లు సంధి కలిసిన మాటల్నే పట్టుకోలేవు, ఇక యాస సంగతి చెప్పాలా? దాని బదులు మీరే ఒక కాగితం మీద యాస మాటల జాబితా పెట్టుకోండి. గంగులప్ప మూడో అధ్యాయంలో "వస్తాండా" అని, ఇరవయ్యోదాంట్లో "వచ్చాండా" అని అంటే పాఠకులు పట్టేస్తారు.

ఇంకొకటి, రైటర్‌లో ఫాంటు సైజు మార్చినా తెలుగు మారట్లేదని చాలామంది తిడతారు. తెలుగు "కాంప్లెక్స్ టెక్స్ట్" కింద లెక్క. సెట్టింగుల్లో భాషల దగ్గర దాన్ని ఆన్ చేసి తెలుగు ఎంచుకుంటే దాని ఫాంటు, సైజు వేరుగా పెట్టుకోవచ్చు.

డీటీపీ_సూరి
లచ్చిమి గారు చెప్పినట్టే చేయండి. వరుసల మధ్య ఎడం మాత్రం "ఎగ్జాక్ట్లీ" అని పెట్టకండి, కింది వత్తులు కోసుకుపోతాయి. "లక్ష్మి"లో కింది మ వత్తు సగమే కనిపిస్తే అదే కారణం. అచ్చుకి ఇన్‌డిజైన్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ వాడే ప్రెస్సు దొరికితే మీ యూనికోడ్ ఫైలు ఉన్నదున్నట్టు పడుతుంది. పారాగ్రాఫుకి వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు పెట్టమని వాళ్లకి చెప్పండి, లేకపోతే వత్తులన్నీ అక్షరాల పక్కన వచ్చి నిలబడతాయి. అనులో ఉండే ప్రియాంక ఫాంటే కావాలని పట్టుబడితే మాత్రం మళ్లీ అను దగ్గరికే వస్తాం. మండలి లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు చూడండి, పుస్తకానికి బాగుంటాయి.

పెన్నాతీరం
నెల తర్వాత వచ్చాను, ఏమనుకోకండి. రైటర్‌లోనే మొదలుపెట్టాను. స్క్రివెనర్ ట్రయల్ నాలుగు రోజులు చూశాను, ఆ చీటీల బోర్డు ముచ్చటగా ఉంది గానీ నాకు నోట్‌బుక్కు అలవాటు, పేజీ కిందకి పోతూ ఉంటేనే కథ పోతుంది. ఇన్‌స్క్రిప్ట్ మొదటి పది రోజులు ఏడిపించింది. ఇప్పుడు రెండో నోట్‌బుక్కు 31వ పేజీ.

ఒక్క డౌటు. గంగులప్ప వాళ్ల తాత పాత కాలపు ఉత్తరం ఒకటి వస్తుంది ఇక్కడ. ఆయన మామూలు ర రాయడు, బండి ఱ రాస్తాడు. అది కీబోర్డులో ఎక్కడుంది?

సిక్కోలు_చిన్నోడు
ఇంగ్లీషు జె మీద ర ఉంది కదమ్మా, షిఫ్ట్ పట్టుకుని అదే నొక్కండి.

పెన్నాతీరం
గుఱ్ఱం. వచ్చింది నాయనా.