తీటా కోణం మూడో పాదంలో (క్వాడ్రంట్) ఉంటే, అందులో సగం ఏ పాదంలో ఉన్నట్టు?

అందరికీ నమస్తే. మాది మిర్యాలగూడ దగ్గర ఊరు, ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. లెక్కలో ఇచ్చింది ఇంతే: టాన్ తీటా 3/4, సైన్ తీటా మైనస్. కాస్ తీటా/2 కనుక్కోవాలి.

సైన్ మైనస్ అంటే మూడు లేదా నాలుగో పాదం. టాన్ ప్లస్ అంటే ఒకటి లేదా మూడు. కాబట్టి తీటా మూడో పాదమే, కాస్ తీటా −4/5. ఇక్కడిదాకా డౌట్ లేదు. 180°, 270° సగం చేస్తే 90°, 135°. అంటే రెండో పాదం, అక్కడ కాస్ మైనస్. అర్ధకోణ సూత్రంతో జవాబు −1/√10. పుస్తకం వెనకా అదే ఉంది.

కానీ తీటా దాదాపు 217° కదా, దానికి 360° కలిపి 577° తీసుకున్నా గుర్తులు మారవు. సగం 288.5°, అది నాలుగో పాదం! కాలిక్యులేటర్‌లో కొడితే కాస్ ప్లస్ 0.317 వచ్చింది. రెండుసార్లు చూశాను, డిగ్రీ మోడ్‌లోనే ఉంది.

తీటా హద్దు ఇవ్వనప్పుడు పరీక్షలో 0° నుంచి 360° అనుకుని ఒక్క జవాబే రాయాలా, ప్లస్ మైనస్ రెండూ రాయాలా?