ఒక కప్పు మైదా అంటే 120 గ్రాములా, 150 గ్రాములా? ఏ చార్టు నమ్మాలి?

శిరీష, గుంటూరు

అందరికీ నమస్తే. ఇంట్లో ఓటీజీలో కేకులు చేస్తుంటాను. ఈమధ్య మా చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల నుంచి పుట్టినరోజు ఆర్డర్లు కూడా వస్తున్నాయి. న్యూజెర్సీలో ఉండే మా ఆడపడుచు చేసే వెనీలా కేక్ అంటే మా ఇంట్లో అందరికీ ప్రాణం. రెసిపీ అడిగితే పంపింది. అంతా కప్పుల్లోనే ఉంది:

మైదా రెండున్నర కప్పులు, పంచదార ఒకటీ ముప్పావు కప్పు, ఉప్పు లేని బటర్ రెండు స్టిక్కులు, పాలు ఒక కప్పు, గుడ్లు 4, బేకింగ్ పౌడర్ రెండున్నర టీస్పూన్లు, ఉప్పు అర టీస్పూను, వెనీలా ఎసెన్స్ ఒక టేబుల్ స్పూను. 9 అంగుళాల టిన్నులు రెండు.

ఆర్డర్లకి తూకం వేసి చేయడమే నాకు అలవాటు. గ్రాముల్లోకి మార్చుకుందామని నెట్‌లో వెతికితే కప్పు మైదా ఒక చార్టులో 120 గ్రాములు, ఇంకోదాంట్లో 125, మరోదాంట్లో 140. ఒకచోట 150 అని కూడా ఉంది. రెండున్నర కప్పులకి లెక్కేస్తే 300 నుంచి 375 దాకా వస్తోంది. పంచదార మాత్రం అన్నిచోట్లా 200 దగ్గరే ఉంది. మైదాకే ఎందుకింత తేడా? నా కప్పుల సెట్ మీద 250 మి.లీ. అని ఉంది, దాంతో ఏమైనా ఇబ్బందా? ఆదివారానికి ఒక ఆర్డర్ ఉంది, వాళ్ళు 8 అంగుళాల కేక్ అడిగారు. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

రవికిరణ్, డాలస్

శిరీష గారూ, అమెరికా వైపు లెక్కలు నేను చెప్తాను. ఇక్కడి కప్పు 236.6 మి.లీ. ప్యాకెట్ల మీద వేసే పోషకాల పట్టీలో మాత్రం దాన్ని 240గా తీసుకుంటారు. బటర్ ఒక స్టిక్ అంటే 113 గ్రాములు, సరిగ్గా అర కప్పు. కాబట్టి మీకు కావాల్సింది 226 గ్రాములు.

120 అన్న అంకె ఎక్కువచోట్ల ఎందుకు కనిపిస్తుందంటే, ఇక్కడి పిండి ప్యాకెట్ల వెనక పావు కప్పుకి 30 గ్రాములు అని రాసి ఉంటుంది. నాలుగు పావులు 120. కానీ మా ఇంట్లో గానీ, తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో గానీ ఎవరూ అంత వదులుగా నింపడం నేను చూడలేదు. కప్పు డబ్బాలో ముంచి తీయడమే.

ఇక్కడ తూకం కన్నా కప్పులే ఎందుకు పాతుకుపోయాయంటే దానికి చాలా కాలం చరిత్ర ఉంది. బోస్టన్‌లో వంట బడి నడిపిన ఫానీ ఫార్మర్ అనే ఆవిడ 1896లో వేసిన వంటల పుస్తకంలో ప్రతి కప్పునీ చెంచానీ అంచుకి సమంగా చదును చేసి కొలవాలని పట్టుబట్టింది. అంతకుముందు 'కోడిగుడ్డంత వెన్న' లాంటి కొలతలు బాగా వాడుకలో ఉండేవి. వాటితో పోలిస్తే సమంగా చదును చేసిన కప్పు ఎంతో నయం కదా. ఇళ్ళల్లో అదే నిలబడిపోయింది.

పద్మజ, కాకినాడ

శిరీష గారూ, మీరు చూసిన చార్టుల్లో ఏదీ తప్పు కాదు. పంచదార పలుకు గట్టిది, పలుకుల మధ్య సందు పెద్దగా మారదు. అందుకే ఎవరు నింపినా 200 దగ్గరే తూగుతుంది. కప్పు మైదాలో సగానికి పైగా గాలే ఉంటుంది. ఎంత నొక్కితే అంత పిండి పడుతుంది. వడ్లు కుంచంతో కొలిచేటప్పుడు కుదిపి కొలిస్తే గింజ ఎక్కువ పడుతుందని మన పెద్దవాళ్ళందరికీ తెలుసు. మైదా దగ్గర ఆ తేడా ఇంకా ఎక్కువ.

నా దగ్గర బేకింగ్ నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళకి మొదటిరోజు ఓవెన్ వెలిగించను. ఒకే కప్పు (240 మి.లీ.), ఒకే డబ్బాలో మైదా ఇచ్చి కాటా ముందు నిలబెడతాను. పిండి జల్లించి, చెంచాతో వదులుగా వేసి, చాకు వీపుతో చదును చేస్తే 110 నుంచి 115 గ్రాములు తూగుతుంది. జల్లించకుండా, డబ్బాలో పిండిని ఒకసారి గరిటెతో కదిపి చెంచాతో నింపితే 120, 125. కప్పునే డబ్బాలో ముంచి ఎత్తితే 140 దాటుతుంది. ముంచి, గట్టు మీద రెండు దెబ్బలు తట్టి, పైన మళ్ళీ పిండి వేసి చదును చేస్తే 155 కూడా చూశాను. ఇది కళ్ళారా చూసినవాళ్ళు మళ్ళీ ఎప్పుడూ 'కప్పుకి ఎన్ని గ్రాములు' అని అడగరు, 'ఎలా నింపిన కప్పు' అని అడుగుతారు.

కాబట్టి మీక్కావాల్సిన జవాబు ఏ చార్టులోనూ దొరకదు, మీ ఆడపడుచు గారి దగ్గరే ఉంది. ఈసారి ఆవిడ వంటింట్లోకి వెళ్ళినప్పుడు ఎప్పటిలాగే కప్పుతో పిండి గిన్నెలో వేసి, ఆ తర్వాత గిన్నె తూచి ఎంతో చెప్పమనండి. తూస్తున్నాం కదా అని జాగ్రత్తగా నింపొద్దనండి. రోజూ ఎలా నింపుతారో అలాగే నింపాలి. మీ ఇంట్లో అందరికీ నచ్చింది ఆ చేత్తో కొలిచిన కేకే.

ఇక మీ 250 కప్పు. సెట్ మీద రాసింది నమ్మకుండా ఒకసారి చూసుకోండి. ఖాళీ కప్పు కాటా మీద పెట్టి, సున్నా చేసి, అంచుదాకా నీళ్ళు పోయండి. వంటింటి లెక్కలకి నీళ్ళు ఒక గ్రాము అంటే ఒక మి.లీ. 250 తూగితే అది ఆస్ట్రేలియా పద్ధతి కప్పు. (వాళ్ళ టేబుల్ స్పూను కూడా 20 మి.లీ., మిగతాచోట్ల 15. అక్కడి వంటల వీడియోలు చూసేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.) 180 దగ్గర ఆగితే అది రైస్ కుక్కర్‌తో వచ్చిన కప్పు, దాన్ని బియ్యానికే ఉంచండి. 240కీ 250కీ తేడా నాలుగు శాతమే. మైదా నింపడంలో వచ్చే తేడా ముందు అది లెక్కలోకే రాదు. కాకపోతే కప్పు పెద్దదైతే మైదా, పాలు పెరుగుతాయి గానీ గుడ్లు, బటర్ స్టిక్కులు పెరగవు. అందుకే ఒకసారి గ్రాముల్లో రాసుకుని కప్పు పక్కన పెట్టేయమంటాను.

మీ రెసిపీలో మిగతావి తేలికే. పంచదార 350 గ్రాములు. పాలు 240 మి.లీ., తూచుకుంటే 245 గ్రాములు, ఆ ఐదు గ్రాములకి ఏమీ కాదు. బటర్ రవికిరణ్ గారు చెప్పినట్టు 226. ఉప్పున్న బటరే దొరికితే రెసిపీలోని అర స్పూను ఉప్పు మానేయండి. గుడ్లు మాత్రం లెక్కపెట్టి వేయొద్దు. అమెరికాలో లార్జ్ గుడ్డు పెంకు తీసేస్తే 50 గ్రాముల దాకా ఉంటుంది. మన దగ్గర ట్రేలో వచ్చే గుడ్లు ఒక్కోసారి 42, 43 కూడా ఉంటాయి. నాలుగు గుడ్లకి ముప్పై గ్రాములు తగ్గిందంటే కేక్‌లో ఆ తడి లోటు తెలుస్తుంది. పగలగొట్టి, గిలకొట్టి, 200 గ్రాములు తూచి పోయండి.

వేరే రెసిపీలకి పనికొస్తాయని ఇంకొన్ని చెప్తాను, అన్నీ 240 కప్పుకే. నూనె 220 గ్రాములు. నూనె నీళ్ళకన్నా తేలిక, అందుకని 240 మి.లీ. అన్నచోట 240 గ్రాములు తూస్తే ఎక్కువ పడుతుంది. తేనె 340 దాకా తూగుతుంది. పెరుగు 245. పొడి చేసిన పంచదార 120 దగ్గర. అంటే కప్పు పంచదార అన్నచోట కప్పు పొడి వేస్తే తీపి దాదాపు సగానికి పడిపోతుంది. కోకో పౌడర్ 85 నుంచి 100, ఇది మైదా కన్నా పేచీకోరు, దీన్ని ఎప్పుడూ తూచే వేయండి. బొంబాయి రవ్వ 170 దగ్గర. బెల్లం తురుము నొక్కేదాన్నిబట్టి ఎంతైనా తూగుతుంది. పంచదార బదులు బెల్లం వేసేవాళ్ళు కప్పుకి కప్పు కాకుండా గ్రాముకి గ్రాము వేసుకోండి.

ఒక్కచోట మాత్రం నేను స్పూన్ల పక్షమే. బేకింగ్ పౌడర్ టీస్పూను 4 గ్రాములు, సోడా 5, ఉప్పు 6, ఇన్‌స్టంట్ ఈస్ట్ 3. మన ఇళ్ళల్లో కాటాలు ఒక్కో గ్రాము చొప్పున చూపిస్తాయి. 2 అని చూపించినప్పుడు నిజంగా ఒకటిన్నర ఉండొచ్చు, రెండున్నర కూడా ఉండొచ్చు. సోడాలో ఆ తేడా నాలుకకి తెలిసిపోతుంది. నగలు తూచే చిన్న కాటా ఉంటే సరే, లేకపోతే చదును చేసిన టీస్పూనే నమ్మకం.

ఆర్డర్ ఇచ్చినవాళ్ళింట్లో ఒక పిల్లో పిల్లాడో ఏడాదంతా ఎదురుచూసిన రోజది. పోయినసారి తిన్న కేకే మళ్ళీ కావాలని అడుగుతారు. ఆ మాట నిలబెట్టుకోవాలంటే మన చేతిలో ఉన్నది తూకమే.

మాధవి, కర్నూలు

పద్మజక్కా, నాది దీనికి తలకిందుల ఇబ్బంది. నా దగ్గర కాటా లేదు. నాకు దొరికిన బిస్కెట్ రెసిపీ అంతా గ్రాముల్లో ఉంది: మైదా 250, బటర్ 150, పంచదార పొడి 100. కప్పుల్లో ఎంత వేయాలి?

పద్మజ, కాకినాడ

మాధవీ, కాటా కొనేదాకా ప్యాకెట్లే నీ కాటా. అర కిలో మైదా ప్యాకెట్ తెచ్చి, మొత్తం పిండి నీకు అలవాటైన పద్ధతిలో కప్పుతో కొలిచి డబ్బాలో పోసుకో. వదులుగా నింపే చెయ్యి అయితే నాలుగు కప్పులు దాటుతుంది, ముంచే చెయ్యి అయితే మూడున్నర దగ్గర అయిపోతుంది. ఎన్ని వచ్చాయో డబ్బా మీద రాసి అతికించు. అందులో సగమే నీ 250 గ్రాములు. ఆ తర్వాత ఎప్పుడూ అదే పద్ధతిలో నింపాలి, మార్చకూడదు. పంచదార పొడి కూడా అంతే, అర కిలో పంచదార మిక్సీ పట్టి కొలిస్తే అందులో ఐదో వంతు నీకు కావాల్సిన 100. బటర్‌కి కప్పే వద్దు. వంద గ్రాముల ప్యాకెట్ ఒకటి, ఇంకోదాంట్లో చాకుతో సగం.

సలీం, హైదరాబాద్

నేను బేకరీల పనిచేస్తున్న. మా దగ్గర కప్పు అన్న మాటే రాదు. ఏదైనా కిలో మైదాకు ఎంత అనే లెక్క. బ్రెడ్డుకు కిలో మైదాకు నీళ్ళు 600, ఉప్పు 20, ఇన్‌స్టంట్ ఈస్ట్ 10 గ్రాములు, ఇది మొదలు. పిండిని బట్టి నీళ్ళు కొంచెం అటూ ఇటూ. 50 కిలోల బస్తా మొత్తం కలిపినా అదే లెక్క. ఉస్మానియా బిస్కెట్‌కు కూడా కస్టర్డ్ పౌడర్, పాలపొడి అన్నీ మైదా తూకం మీదనే.

ఇంట్ల చేసేటోళ్ళు కూడా రెసిపీని గ్రాముల్లకు మార్చినంక ప్రతిదాన్ని మైదాతోని భాగించి చూసుకోండ్రి. ఇట్లాంటి మెత్తటి కేకుల పంచదార మైదాకు సమానంగనో ఇంకొంచెం ఎక్కువనో ఉంటది, గుడ్లు బటర్ ఇంచుమించు ఒక్కతీరు ఉంటయి. ఎక్కడన్న చాలా తేడా కొడితే లెక్క మార్చేటప్పుడే ఏదో తప్పింది అన్నట్టు. ఓవెన్ల పెట్టకముందే తెలిసిపోతది.

శిరీష, గుంటూరు

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. రాత్రి మా ఆడపడుచుకి ఫోన్ చేసి వీడియోలో చూపించమన్నాను. డబ్బాలో కప్పు ముంచి, ఒకసారి చిన్నగా ఊపి, మిగిలింది వేలితో తోసేస్తుంది. మూడు కప్పులు విడివిడిగా తూచింది: 136, 140, 138. పద్మజ గారూ, అంటే రెండున్నర కప్పులకి 345 గ్రాములు అనుకోవచ్చా? చార్టులో 120 చూసి 300 వేసి ఉంటే 45 గ్రాములు తక్కువ పడేది. నా కప్పు నీళ్ళతో చూశాను, 248 వచ్చింది. 8 అంగుళాల టిన్నులకి ఎలా తగ్గించాలో కూడా చెప్తారా?

పద్మజ, కాకినాడ

345 ఖాయం చేసుకోండి శిరీష గారూ. సలీం గారి లెక్క ప్రకారం చూసినా పంచదార 350, మైదా 345, సమానంగా కుదిరింది.

టిన్ను తగ్గించేటప్పుడు అంగుళాలు నేరుగా భాగించకూడదు, వైశాల్యం చూడాలి. ఎనిమిది ఎనిమిదులు 64, తొమ్మిది తొమ్మిదులు 81. 64ని 81తో భాగిస్తే 0.79. అన్నిటినీ దాంతో గుణించండి. మైదా 273, పంచదార 277, బటర్ 179, పాలు 190, గుడ్లు 158. నాలుగు గుడ్లు గిలకొట్టి 158 తూచుకుని మిగిలింది పొద్దున ఆమ్లెట్‌లో వేసేయండి. గుడ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే ఈ 158 ఎప్పటికీ రాదు. బేకింగ్ పౌడర్ సరిగ్గా రెండు టీస్పూన్లు, చదును చేసి. ఉప్పు అర టీస్పూనుకి కాస్త తక్కువ. వెనీలా రెండుంపావు టీస్పూన్లు.

రెండు టిన్నుల్లో పిండి పోసేటప్పుడు కూడా కాటా మీదే పోయండి, రెండు పొరలూ ఒకే ఎత్తులో వస్తాయి. కేక్ చిన్నదైంది కాబట్టి ఎప్పుడూ చూసే టైముకన్నా నాలుగైదు నిమిషాల ముందే పుల్ల గుచ్చి చూడండి. ఆదివారం ఎలా వచ్చిందో ఇక్కడ రాయండి.