ఫండితకు అనుమతి, సిహురుకు జైలు: మాల్దీవుల ప్రభుత్వం చేస్తున్నది సబబేనా?

తీరవాసి:
2013 సెప్టెంబరులో మాల్దీవుల అధ్యక్ష ఎన్నికలకు ముందు గురైధూ దీవిలో, పోలింగు జరగాల్సిన బడి దగ్గర ఒక లేత కొబ్బరికాయ దొరికింది. దాని మీద ఖురాన్ వాక్యం రాసి ఉంది. ఓటర్ల మనసు మార్చడానికి ఎవరో చేయించారని అనుమానం వచ్చింది. పోలీసులు కాయను స్వాధీనం చేసుకుని, పరీక్ష చేయడానికి ఒక మంత్రగాణ్ణి పిలిపించారు. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, ఇందులో మంత్రం లేదు, ఎవరో ఆకతాయి పని అని తేల్చాడు. కొబ్బరికాయను అరెస్టు చేశారంటూ ప్రపంచ పత్రికలు నవ్వుకున్నాయి.

నాకు మాత్రం ఆ మంత్రగాడి హోదా ఆసక్తిగా అనిపించింది. అక్కడ మంత్రవిద్య రెండు రకాలు. రోగం తగ్గడానికి, పడవకు చేపలు బాగా పడటానికి, దిష్టి పోవడానికి చేసేది ఫండిత. ఆరోగ్య శాఖ అనుమతి తీసుకుంటే దాన్ని దర్జాగా చేసుకోవచ్చు. ఎదుటివాడిని చెడగొట్టడానికి చేసేది సిహురు, అంటే మన చేతబడి. శిక్షాస్మృతిలో అది నేరం కాదు గానీ, షరియా ప్రకారం ఆరు నెలల జైలు ఉందని వార్తా సంస్థలు రాశాయి. 2024 జూన్‌లో అధ్యక్షుడి మీద చేతబడి చేయించారన్న ఆరోపణతో ఒక సహాయ మంత్రినే అదుపులోకి తీసుకున్నారు.

మంచి మంత్రానికి ముద్ర వేసి ఇచ్చిన ప్రభుత్వం, చెడ్డ మంత్రం కూడా పనిచేస్తుందని ఒప్పుకున్నట్టే కదా? ఫండిత అనుమతి, సిహురు శిక్ష, రెండు కాగితాలూ చించేయాలంటాను. మీరేమంటారు?

మాజీ టీచరు:
తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లి అక్కడి బడుల్లో పాఠాలు చెప్పినవాళ్లు చాలామందే ఉన్నారు, నేనూ అందులో ఒకడిని. తీరవాసి గారూ, రాజధాని మాలేలో కూర్చుని ఆలోచిస్తే మీ మాట బాగానే ఉంటుంది. మొత్తం దాదాపు 1,200 దీవులు, మనుషులు ఉండేవి సుమారు 190. చాలా దీవుల్లో ఊరంతా కలిపి కొన్ని వందల గడపలు. పెద్ద డాక్టరు కావాలంటే పడవ ఎక్కాలి. గాలి ఎదురు తిరిగితే ఆ పడవా కదలదు.

పక్కింటి పిల్లకు జ్వరం వచ్చి రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తుంటే ఫండిత పెద్దాయన వచ్చాడు. తెల్లటి పింగాణీ పళ్లెం మీద సన్నటి పుల్లతో సిరాలాంటి ద్రవంతో అరబ్బీ వాక్యాలు గుండ్రంగా రాసుకుంటూ పోయాడు. అంచు నుంచి మధ్యదాకా ఖాళీ లేదు. ఆరాక నీళ్లు పోసి, రాసినదంతా కరిగేదాకా పళ్లెం తిప్పి, ఆ నీళ్లు పిల్ల చేత తాగించాడు. తరువాత ఆయనే, పొద్దున్నే ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లమని తల్లికి చెప్పి వెళ్లాడు. అనుమతి ఉన్నవాడు కాబట్టి అలా చెప్పాడు. రేపు ఏదైనా అయితే తనను అడిగేవాళ్లు ఉంటారని ఆయనకు తెలుసు. అనుమతి తీసేస్తే ఆ పెద్దాయన మాయం కాడు, చాటుగా చేస్తాడు, అంతే.

ఇంకో మాట. అక్కడి పాత జాలర్లు వాతావరణాన్ని 'నకై' లెక్కతో చూస్తారు. అస్సిద, బురును, కెతి, రోను, మియహెలి, అధ. ఒక్కొక్కటి పదమూడు పద్నాలుగు రోజులు. మన రైతు అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి, మృగశిర, ఆరుద్ర కార్తెలని లెక్కపెట్టేది ఇదే. ఏ నకైలో సముద్రం రేగుతుందో, ఎప్పుడు ప్రయాణం కట్టకూడదో చెప్పేవాళ్లలో ఈ ఫండిత పెద్దలూ ఉంటారు. అంతా మూఢనమ్మకమని ఊడ్చేస్తే ఆ చెత్తలో చాలా అనుభవం కూడా పోతుంది.

హేతువు:
పళ్లెం కడిగిన నీళ్లకు ఆరోగ్య శాఖ అనుమతి! ఇంకా చర్చ దేనికి? 2013లో మూఢనమ్మకాల మీద పోరాడిన దాభోల్కర్ హత్య తరువాత మహారాష్ట్ర చేతబడి, మంత్రాల మోసాల మీద చట్టం తెచ్చింది, అలాంటిదే అక్కడా కావాలి. మంచి మంత్రం, చెడ్డ మంత్రం అనే తేడా లేకుండా డబ్బు తీసుకుని వైద్యం పేరుతో మోసం చేసేవాడెవడైనా లోపలికే. మాజీ టీచరు గారి పెద్దాయన మంచివాడే కావచ్చు. మంచివాళ్లను చూసి చట్టాలు రాయరు.

కడప బీబీ:
హేతువు గారు తొందరపడుతున్నారు. ఇది మతానికీ సైన్సుకూ మధ్య గొడవ అనుకుంటే అక్కడి సంగతి అర్థం కాదు. జిన్నులున్నాయని ఖురాన్‌లోనే ఉంది, సిహ్ర్, అంటే ఆ సిహురే, పాపమనీ ఉంది. ఖురాన్ చదివి ఊదడం చాలామందికి ఆమోదమే. తాయెత్తు దగ్గరికి వచ్చేసరికి పేచీ మొదలవుతుంది. మా బంధువుల్లో పీర్లచావిడికి వెళ్లేవాళ్లూ ఉన్నారు, మెడలో తావీదు కనిపిస్తే తెంపి పారేసేవాళ్లూ ఉన్నారు. మాల్దీవుల్లోనూ ఫండితను గట్టిగా వ్యతిరేకించేవాళ్లలో హేతువాదుల కన్నా, మతాన్ని శుద్ధి చేయాలనే బోధకులే ఎక్కువ. 2012 ఫిబ్రవరి 7న మాలే మ్యూజియంలో ఒక గుంపు జొరబడి ఇస్లాంకు ముందటి బౌద్ధ శిల్పాలను పగలగొట్టిన సంగతి గుర్తుందా? పాతదంతా తుడిచేద్దామనేవాళ్ల చేతికి మీరు ఇంకో చట్టం ఇస్తానంటున్నారు. దాన్ని వాళ్లు ఎవరి మీద వాడతారో ఆలోచించండి.

చరిత్ర పిచ్చి:
బీబీ గారి మాటకు తోకగా ఒకటి. ఫండిత అంతా ఇస్లాంకు ముందటి శేషం అని చాలామంది తేలిగ్గా అనేస్తారు. కానీ ఆ దేశం ఇస్లాంలోకి వచ్చిన కథే ఒక జిన్ను కథ. నెలకొకసారి సముద్రం మీద నుంచి దీపాలతో నిండిన ఓడలా అది వచ్చేదట. తీరాన ఉన్న గుడిలో ఒక కన్యను వదిలిపెట్టేవారట. ఒక రాత్రి ఆ అమ్మాయికి బదులు పరదేశి ముస్లిం ఒకాయన వెళ్లి ఖురాన్ చదివితే జిన్ను వెనక్కి పోయిందట. రాజు మతం మారాడు, సంవత్సరం 1153. ఆ జిన్నును రన్నమారి అంటారు. 1340లలో అక్కడ ఖాజీగా, అంటే న్యాయాధికారిగా పనిచేసిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా, ఆ ఓడను తానూ చూశానని రాశాడు. అది కనబడగానే పిల్లలు ఖురాన్ ప్రతులు తలమీద పెట్టుకుని నిలబడ్డారట, ఆడవాళ్లు ఇత్తడి పాత్రలు మోగించారట.

12వ శతాబ్దం చివరి రాగి రేకులు మాత్రం వేరే సంగతి చెబుతాయి. దక్షిణాన ఉన్న హద్దున్‌మతి విహారాల భిక్షువులను మాలేకు తెప్పించి తలలు నరికించారని వాటిలో ఉంది. జనం గుర్తు పెట్టుకున్నది జిన్నునే, భిక్షువులను కాదు. మంత్రాన్ని ఓడించిన పవిత్ర వాక్యం అనే నమ్మకం మీద నిలబడ్డ దేశం, మంత్రం అబద్ధమని చట్టంలో ఎలా రాసుకుంటుంది?

హేతువు:
రాసుకోకపోతే మనుషులు చస్తారు. 1995లో తూర్పు ఆఫ్రికా తీరంలోని జాంజిబార్‌లో బహుళపక్ష ఎన్నికల ఏడాదే పొపొబావా అనే భూతం రాత్రిళ్లు మీద పడుతోందని జనం వీధుల్లో మంటలు వేసుకుని పడుకున్నారు. బాణామతి పేరుతో మన ఊళ్లలో ఎంతమందిని కొట్టి చంపారో వేరే చెప్పాలా?

తీరవాసి:
చరిత్ర పిచ్చి గారూ, దేశం ఏ కథ మీద నిలబడినా పోలీస్ స్టేషన్ ఆ కథ మీద నడవకూడదు. హేతువు గారికి: మీరు చెప్పే చట్టం వస్తే మొదట పట్టుబడేది ఆ పళ్లెం పెద్దాయనే, కత్తి పట్టినవాడు కాదు.

2023 ఏప్రిల్‌లో మనధూ దీవిలో 62 ఏళ్ల ఆవిడను, చేతబడి చేస్తోందంటూ ముగ్గురు పొరుగువాళ్లు పొడిచి చంపారు. సుదీర్ఘ దర్యాప్తు తరువాత, ఆవిడ చేతబడి చేసినట్టు ఆధారాలేమీ పోలీసులకు దొరకలేదని అక్కడి పత్రికలో వచ్చింది. ఆ వాక్యం ఇంకోసారి చదవండి. చచ్చిపోయిన మనిషి మంత్రం వేసిందా లేదా అని వెతికారు! దొరికి ఉంటే ఏం చేసేవారు? సిహురు అనేది శిక్షించదగ్గ తప్పుగా ఉన్నంతకాలం ఆ వెతుకులాట తప్పదు. హంతకుడి లాయరుకు అదే ఆసరా అవుతుంది.

మాజీ టీచరు:
సిహురు శిక్ష తీసేయమనండి, మీ కింద నేనూ సంతకం పెడతాను. నిందకు గురయ్యేది ఎప్పుడూ ఒంటరి ముసలావిడో, పక్కింటితో పడనివాళ్లో. దీన్నీ ఫండిత అనుమతినీ మీరు ఒకే గాటన కట్టడమే నాకు నచ్చలేదు. ఒకటి నిందకు ముద్ర వేస్తుంది, ఇంకొకటి వైద్యం చేసేవాడికి పేరూ చిరునామా అడుగుతుంది. రెండోదాన్ని కూడా చించేస్తే, ఆ పళ్లెం నీళ్లు పిల్లకు ఎవరు తాగించారో అడగడానికి ఆరోగ్య శాఖ దగ్గర పేరు కూడా ఉండదు.

కడప బీబీ:
ఆ జాబితాలో ఆడవాళ్ల పేర్లు ఉంటాయా టీచరు గారూ? మందులూ మంత్రసానితనం చేసేవాళ్లు అక్కడా ఆడవాళ్లే కదా.