జర్మనీని దెబ్బతీసింది అప్పంటే భయమేనా?

రైన్‌ఒడ్డు:
జర్మనీ ఆర్థిక వ్యవస్థ 2023, 2024లో వరుసగా రెండేళ్లు కుంచించుకుపోయింది. ఎవర్నడిగినా రష్యా గ్యాస్ ఆగిపోయిందనో, చైనా కార్లు ముంచెత్తాయనో అంటారు. అవీ నిజమే. కానీ అంతకుముందే లోపల్నుంచి పాడైంది, దానికి కారణం డెట్ బ్రేక్ అని నా వాదన.

తెలియనివాళ్ల కోసం: 2009లో ఏకంగా రాజ్యాంగాన్ని సవరించి అప్పులకు పరిమితి పెట్టారు. మాంద్యం, విపత్తు లాంటివి పక్కన పెడితే కేంద్రం జీడీపీలో 0.35 శాతానికి మించి లోటు చూపకూడదు. 2020 నుంచి 2025లో సవరించేదాకా రాష్ట్రాలకు ఆ వెసులుబాటు కూడా లేదు. 2014 నుంచి 2019 దాకా కేంద్రం కొత్త అప్పే లేకుండా బడ్జెట్లు నడిపి, అదో ఘనకార్యంలా చెప్పుకుంది. 2019లో పదేళ్ల జర్మన్ బాండ్ మీద రాబడి సున్నా కంటే కిందికి పోయింది. అప్పు తీసుకోండి బాబూ, మేమే ఎదురు డబ్బిస్తాం అని మార్కెట్ బతిమాలుతుంటే వీళ్లు వద్దన్నారు!

ల్యూడెన్‌షైడ్ దగ్గర ఏ45 మోటార్‌వే మీది రామెడె వంతెన సంగతే చూడండి. డార్ట్‌మండ్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వైపు వెళ్లే ముఖ్యమైన దారి. చుట్టుపక్కలంతా లోహపు పనులు, కారు విడిభాగాలు చేసే చిన్నా మధ్యతరహా ఫ్యాక్టరీలు. 2021 డిసెంబరులో ఉక్కు వంగిందని తేలి ఉన్నపళంగా మూసేశారు. 2023 మేలో పేల్చేశారు. ఈలోగా మోటార్‌వే లారీలన్నీ ఊరి మధ్యలోంచే. ఇది డబ్బులేని దేశమా?

లెక్కలమాస్టారు:
వంతెన ఉదాహరణ మీకే ఎదురు తిరుగుతుంది. దాన్ని మార్చాలని అధికారులకు చాలా ముందే తెలుసు. ప్రణాళిక వెనక్కి జరుపుతూ పోయారు. బెర్లిన్ కొత్త విమానాశ్రయం 2011లో తెరవాల్సింది, 2020 అక్టోబరులో తెరిచారు. అక్కడ కొరత డబ్బుకా? బడుల డిజిటలీకరణకు 2019లో 5 బిలియన్ యూరోలు పక్కన పెడితే, ఊళ్లు ఆ నిధులు తీసుకోవడానికే ఆపసోపాలు పడ్డాయి. డబ్బున్న చోట కూడా పని జరగలేదంటే రోగం వేరే. అనుమతులు, అభ్యంతరాలు, కోర్టులు, ఫైళ్లు.

ఫ్రాన్స్ అప్పు జీడీపీలో 110 శాతం దాటింది. జర్మనీది 60 చిల్లర. కోవిడ్‌లోనూ గ్యాస్ సంక్షోభంలోనూ జర్మనీ ధైర్యంగా ఖర్చు పెట్టగలిగిందంటే, ముందు నుంచీ ఒళ్లు దగ్గర పెట్టుకోబట్టే.

రైన్‌ఒడ్డు:
మాస్టారూ, ఫైలు కదల్లేదు అంటున్నారు, బాగానే ఉంది. కదిపే మనిషేడి? రోడ్డు వేయాలంటే ముందు మునిసిపాలిటీలో ఇంజినీరు డ్రాయింగ్ గీయాలి, టెండరు రాయాలి, అభ్యంతరాలకు జవాబివ్వాలి. పొదుపు పేరుతో ఊళ్లు మొదట కోత పెట్టింది ఆ కుర్చీలకే. రిటైరైన వాళ్ల స్థానంలో కొత్తవాళ్లను తీసుకోలేదు. 2000ల తొలినాళ్ల నుంచి చాలా ఏళ్లు జర్మన్ మునిసిపాలిటీలు పెట్టిన పెట్టుబడి, పాత ఆస్తుల అరుగుదలకు కూడా సరిపోలేదు. పదిహేనేళ్లు ఆఫీసు ఖాళీ చేసి, ఇప్పుడు డబ్బిచ్చినా ఖర్చు పెట్టలేకపోతున్నారు చూడండి అంటే ఎలా? అభివృద్ధి బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ 2025 సర్వేలో ఊళ్ల పెట్టుబడి బకాయి 200 బిలియన్ యూరోలు దాటిందని తేలింది.

ఒకటి ఒప్పుకుంటా, ఊళ్ల కోతలు 2009 కంటే ముందే మొదలయ్యాయి. డెట్ బ్రేక్ దాన్ని చట్టం చేసి శాశ్వతం చేసింది.

కాంక్రీట్‌పిచ్చి:
నేను సాక్సనీలో స్ట్రక్చరల్ ఇంజినీరుని. వంతెనల మాటొచ్చింది కాబట్టి డ్రెస్డెన్ కరోలా వంతెన గురించి రెండు ముక్కలు. 2024 సెప్టెంబరు 11, తెల్లవారుజామున 3 గంటలప్పుడు ఓ భాగం ఎల్బే నదిలో కూలింది. కొన్ని నిమిషాల ముందే ఓ ట్రాము దాని మీదుగా పోయింది. ఎవరికీ ఏమీ కాకపోవడం అదృష్టం. అందరూ వెంటనే "నిర్వహణకు డబ్బివ్వలేదు" అన్నారు. కానీ విచారణలో తేలింది వేరు. తూర్పు జర్మనీ కాలంలో కట్టినప్పుడు, కాంక్రీటును బిగించి పట్టడానికి వాడిన తీగల ఉక్కు తేమకు లోపల్లోపలే చిట్లే రకం. బీజం కట్టుబడి రోజుల్లోనే పడింది. తీగలు కాంక్రీటు లోపల ఒక్కొక్కటే తెగుతుంటాయి, పైకి పగులు కూడా సరిగ్గా కనపడదు. పైగా కూలిన ఆ భాగానికి 2025లో మరమ్మతు చేయాలని ముందే నిర్ణయమైంది.

కాబట్టి ప్రతి వంతెననీ తెచ్చి డెట్ బ్రేక్ మెడకు కట్టకండి. అలాగని తప్పే లేదనను, 1960, 70ల్లో కట్టినవన్నీ ఒకేసారి ముసలివైపోతున్నాయని పాతికేళ్ల క్రితమే లెక్క వేయొచ్చు. దానికి సర్వేలు అక్కర్లేదు, కట్టిన సంవత్సరం చూస్తే చాలు.

గోదారిగట్టు:
మన దగ్గరా ఇదే కథ కదా. ఎఫ్ఆర్‌బీఎం (లోటుకు, అప్పుకు హద్దు పెట్టే మన చట్టం) పరిమితి తగలకుండా రాష్ట్రాలు కార్పొరేషన్లు పెట్టి బడ్జెట్ బయట అప్పు చేశాయి, కాళేశ్వరానికి అలాగే తెచ్చారు. 2022 నుంచి కేంద్రం అవన్నీ రాష్ట్రం అప్పులోనే కలిపి చూస్తానంది. జర్మనీవాళ్లు దానికి "ప్రత్యేక నిధి" అని పేరు పెట్టుకున్నారు, అంతే తేడా. కోవిడ్ కోసం అనుమతించిన అప్పులో మిగిలిన 60 బిలియన్ యూరోలను వాతావరణ నిధిలోకి మళ్లించబోతే, 2023 నవంబరు 15న రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. ఏడాది తిరిగేసరికి, బడ్జెట్ గొడవలోనే అప్పటి చాన్సలర్ షోల్జ్ తన ఆర్థిక మంత్రి లిండ్నర్‌ను తీసేశారు, ప్రభుత్వం పడిపోయింది.

లెక్కలమాస్టారు:
కోర్టు చేసింది న్యాయమే. కరోనా పేరు చెప్పి తెచ్చిన అప్పు కరోనాకే వాడాలి. ఇక 2025 మార్చిలో జరిగింది ఇంకా విడ్డూరం. డెట్ బ్రేక్ కాపాడతానని ప్రచారం చేసిన ప్రతిపక్ష నేత మెర్జ్, ఎన్నికల్లో గెలిచాక కొత్త పార్లమెంటు కూర్చునేలోగా పాత పార్లమెంటునే పిలిచి రాజ్యాంగం మార్పించారు. కొత్త సభలో మూడింట రెండొంతుల బలం దొరకదని భయం. మౌలిక వసతుల కోసం 12 ఏళ్లకు 500 బిలియన్ యూరోల నిధి, పైగా జీడీపీలో 1 శాతం దాటిన రక్షణ ఖర్చుకు పరిమితే లేదు. మీరు కోరిందే కదా రైన్‌ఒడ్డుగారూ, సంతోషమేనా?

రైన్‌ఒడ్డు:
సగం సంతోషం. మామూలు బడ్జెట్లో పెట్టుబడి 10 శాతం ఉండాలి, అప్పుడే నిధి నుంచి ఇచ్చేది అదనం అన్నట్టు అని షరతు పెట్టారు. ఏది పెట్టుబడి అనే లెక్కలోనే తిరకాసంతా ఉంది. పాత రైలు ఖర్చుని నిధిలోకి తోసి, ఖాళీ అయిన చోటుని వేరే వరాలకు వాడితే కొత్త వంతెన ఒక్కటీ రాదు. నేను అడిగింది మామూలు బడ్జెట్లోనే ఏటా పెట్టుబడికి అప్పు చేసే వీలు, అవసరానికోసారి పండగ నిధి కాదు.

కాంక్రీట్‌పిచ్చి:
నిధి వార్త రాగానే కన్సల్టెన్సీలు, కాంట్రాక్టర్లు రేట్లు ఎంత పెంచుతారో చూడండి. పనివాళ్లు, ఇంజినీర్లు అంతే ఉండి డబ్బు మాత్రం పెరిగితే, అందులో కొంత రేట్లకే పోతుంది.

మాస్టర్స్2026:
అన్నా, సివిల్ చేసినవాళ్లకి మరి అక్కడ మంచి డిమాండ్ ఉన్నట్టేనా? హైదరాబాద్ నుంచి అప్లై చేస్తున్నా.

కాంక్రీట్‌పిచ్చి:
డిమాండ్ ఉంది తమ్ముడూ. కానీ పైన చెప్పిన మునిసిపాలిటీ కుర్చీలో కూర్చోవాలంటే టెండరు జర్మన్‌లో రాయాలి, ఊరివాళ్ల అభ్యంతరాలు జర్మన్‌లో వినాలి. ఇంగ్లిష్ కోర్సు చేసి వచ్చేస్తే ఆ ఉద్యోగం దొరకదు. జీతం కూడా ప్రైవేటు కంటే తక్కువే, అందుకే ఇక్కడివాళ్లూ ఎగబడట్లేదు. వచ్చేలోగా జర్మన్ భాషలో కనీసం బీ2 స్థాయి పూర్తి చెయ్యి.