కట్నం వద్దన్నందుకు ఇంట్లో ఒంటరినయ్యాను

ప్రశ్న: కట్నం తీసుకోనని ఇంటర్‌లోనే గట్టిగా అనుకున్నాను. ఇప్పుడు సంబంధం కుదిరాక అదే మాట చెబితే నాన్న వారం నుంచి మాట్లాడట్లేదు, "రేపు చెల్లికి మనం ఇవ్వాలి కదరా" అని అమ్మ ఏడుస్తోంది. నా ఒక్కడి పట్టుదల కోసం వీళ్లను బాధపెట్టొచ్చా?

జవాబు 1: 1961 నుంచీ చట్టమే వద్దంటోంది. నేనూ తీసుకోలేదు, పదేళ్లయింది, ఇప్పటికీ మామగారి ముందు ఏ మొహమాటం లేకుండా కూర్చుంటాను.

జవాబు 2: ఎస్.ఆర్. శంకరన్ గారు ఐఏఎస్ అధికారిగా వెట్టిచాకిరీ పోవాలని పనిచేశారు, పెళ్లి చేసుకోలేదు, పద్మభూషణ్ ఇస్తామన్నా వద్దన్నారు. నమ్మిన దాని కోసం నిలబడ్డ ఆ బతుకు వెలితిదని ఎవరనగలరు?

జవాబు 3: తమ్ముడూ, నాన్నది కోపం కాదు, చెల్లి పెళ్లి టెన్షన్. ఆ ఖర్చులో నీ వంతెంతో చెప్పు, చెల్లికి కట్నం అడగని సంబంధమే వెతుకుదామను.