మావో-ఏ జన్యువు రిపోర్టు చూసి శిక్ష తగ్గించొచ్చా?

తీర్పరి:
2009లో ఇటలీలోని ట్రియెస్టె అప్పీలు కోర్టు ఓ కత్తిపోటు హత్య కేసులో ముద్దాయి శిక్షను ఏడాది తగ్గించింది. మెదడు రసాయనాలను విరగ్గొట్టే ఎంజైమ్‌ను తయారుచేసే మావో-ఏ జన్యువులో తక్కువగా పనిచేసే రకం అతనికి ఉందన్న నిపుణుల రిపోర్టు అందుకు ఒక కారణం. పత్రికలు 'వారియర్ జీన్' (యోధ జన్యువు) అని పేరు పెట్టింది దీనికే. రేపు మన సెషన్స్ కోర్టులో ఎవరైనా ఇలాంటి కాగితం దాఖలు చేస్తే? జడ్జి లెక్కలోకి తీసుకోవాల్సిందేనని నేనంటాను. తాను కోరి తెచ్చుకోనిదానికి మనిషిని పూర్తిగా బాధ్యుణ్ణి చేయలేం కదా.

జన్యులెక్క:
తీర్పరి గారూ, పత్రికలు రెండు వేర్వేరు విషయాల్ని కలిపేశాయి. 1993లో బ్రూనర్ బృందం ఒక డచ్చి కుటుంబంలో చూసింది జన్యువు పూర్తిగా పనిచేయకపోవడం. ఆ మగవాళ్లలో ఆ ఎంజైమ్ తయారే కాదు. అది అత్యంత అరుదు. ట్రియెస్టె కేసులోది అది కాదు. జన్యువు ముందుభాగంలో 30 డీఎన్ఏ అక్షరాల ముక్క ఒకటి వరసగా మళ్లీ మళ్లీ వస్తుంది. మూడుసార్లు వస్తే ఎంజైమ్ తక్కువ, నాలుగుసార్లు వస్తే ఎక్కువ. బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పి, పీసీఆర్ (డీఎన్ఏ ముక్కకు బోలెడు నకళ్లు తీసే పద్ధతి) చేసి, ముక్క పొడవు చూస్తారు. పరీక్ష చెప్పేది ఆ పొడవొక్కటే. ఈ 'తక్కువ' రకం ఐరోపా మూలాల మగవాళ్లలో సుమారు మూడోవంతు మందికి ఉంది. వాళ్లందరికీ శిక్షలో రాయితీ ఇద్దామా?

వాదన అంతా ఆధారపడేది 2002లో న్యూజీలాండ్‌లోని డునెడిన్ నుంచి వచ్చిన కాస్పి, మొఫిట్ల పత్రం మీద. 442 మంది మగవాళ్లు. జన్యువు ఒక్కటే అయితే చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఈ 'తక్కువ' రకంతో పాటు చిన్నతనంలో హింసకు కూడా గురైనవాళ్లు 12 శాతమే, హింసాత్మక నేరాల శిక్షల్లో మాత్రం 44 శాతం వాళ్లవే. ఆ తర్వాతి అధ్యయనాల్లో కొన్ని దీన్ని బలపరిచాయి, కొన్నిట్లో అసలు కనబడలేదు. సరే, నిజమే అనుకున్నా ఇది గుంపు గురించిన లెక్క. బోనులో నిలబడ్డ ఒక్క మనిషికి అన్వయించేది కాదు.

తీర్పరి:
మరి వంశపారంపర్యం అసలు లేదంటారా? డెన్మార్క్ దత్తత అధ్యయనం సంగతేమిటి?

జన్యులెక్క:
లేదని ఎక్కడన్నాను? ఆ అధ్యయనం గురించిన 1984 నాటి మెడ్నిక్ పత్రంలో 14,427 మంది దత్తుల రికార్డులున్నాయి. కొడుకుల్లో శిక్షపడ్డవారి శాతాలు చూడండి: కన్నవాళ్లకూ పెంచినవాళ్లకూ శిక్ష లేకపోతే 13.5, పెంచినవాళ్లకే ఉంటే 14.7, కన్నవాళ్లకే ఉంటే 20, ఇద్దరికీ ఉంటే 24.5. తేడా ఉంది, కాదనను. కానీ అది ఆస్తి నేరాల్లోనే, హింసాత్మక నేరాల్లో కనబడలేదు. మీరు తగ్గింపు అడుగుతున్నది హత్యకు! పైగా కన్నవాళ్లు నేరస్థులైనా, మంచి ఇంట్లో పెరిగిన ప్రతి ఐదుగురిలో నలుగురికి ఒక్క శిక్షా లేదు.

పాతరికార్డు:
'పుట్టు నేరస్థుడు' అన్న మాట మనకు కొత్తా? లొంబ్రోసో అనే డాక్టరు ఇటలీలో పుర్రెలు కొలిచి పుస్తకం వేసింది 1876లో. అంతకు ఐదేళ్ల ముందే, 1871లో, కొన్ని తెగల్ని పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసే క్రిమినల్ ట్రైబ్స్ చట్టం ఇక్కడ వచ్చేసింది. 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకీ పాకింది. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం ఆ చట్టం కింద సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపిన సెటిల్‌మెంటే (నిర్బంధ నివాసమే). ఎరుకల కుటుంబాల పేర్లు రిజిస్టరులో ఎక్కించి, వేలిముద్రలు తీసుకుని, హాజరు పిలిచి, పాసు లేకుండా ఊరు దాటనివ్వలేదు. 1952లో చట్టం రద్దయినా ఊరి పేరు మీది మచ్చ పోయిందా? పుట్టుకను సాక్ష్యంగా ఒప్పుకున్నాక, అది శిక్ష తగ్గించడానికే పనికొస్తుందని హామీ ఎవరిస్తారు?

మనోమాపకం:
ఆ భయానికి ఆధారముంది. 2012లో అమెరికాలో 181 మంది జడ్జీలకు ఒక కల్పిత కేసు ఇచ్చారు. ముద్దాయి సైకోపాత్ (జాలి, పశ్చాత్తాపం లేని మనిషి) అని అందరికీ చెప్పి, దాని వెనక జీవకారణం ఉందని కొందరికే చెప్పారు. చెప్పనివాళ్లు వేసిన సగటు శిక్ష 13.93 ఏళ్లు, చెప్పినవాళ్లు వేసింది 12.83. అంటే ఏడాది చిల్లర తగ్గింది. కానీ 'మారడు కాబట్టి బయటికి వదలకూడదు' అన్న తర్కమూ అదే సమాచారంలోంచి పుడుతుంది.

అలాగని మనస్తత్వ పరీక్షలు మచ్చలేనివని అనుకోకండి. సైకోపాత్‌ను గుర్తించడానికి వాడే హేర్ చెక్‌లిస్టులో 20 అంశాలు, ఒక్కోదానికి 0, 1 లేదా 2, మొత్తం 40. అమెరికాలో 30 గానీ అంతకు మించి గానీ వస్తే సైకోపాత్ ముద్ర. 2013లో వంద మందికి పైగా ఫోరెన్సిక్ నిపుణులకు డబ్బిచ్చి, ఒకే ఫైళ్లు చూపించారు. 'మీరు ప్రాసిక్యూషన్ తరఫు' అని చెప్పినవాళ్లు ఎక్కువ మార్కులు వేశారు, డిఫెన్స్ తరఫు అనుకున్నవాళ్లు తక్కువ. ఫైలు మారలేదు, పిలిచినవాళ్లు మారారంతే.

కోర్టుకాగితం:
మన చట్టం సంగతి చూద్దాం. భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ (పాత ఐపీసీ 84) అడిగేది ఒక్కటే: మతిస్థిమితం లేక, తాను చేస్తున్నదేమిటో, అది తప్పో కాదో ఆ సమయంలో తెలుసుకోలేని స్థితిలో ఉన్నాడా? రుజువు భారం ముద్దాయిదే. ఈ ప్రశ్నకు జన్యువు పొడవు జవాబు కాదు. కాబట్టి ఈ కాగితానికి చోటంటూ ఉంటే శిక్ష ఖరారు దశలోనే. మరణశిక్ష పడగల కేసుల్లో మానసిక నిపుణుల నివేదిక, జైలు ప్రవర్తన నివేదిక, కుటుంబ నేపథ్యం కోర్టు ముందుకు రావాలని 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డునెడిన్ లెక్కలోనూ బరువంతా బాల్యం మీదే ఉంది. జన్యు పరీక్షకు పెట్టే ఆ డబ్బేదో బాల్యం రికార్డు సేకరణకు పెట్టండి.

తీర్పరి:
రికార్డే లేనివాడి మాటేమిటి? బడికి పోనివాడికి, ఆస్పత్రి ముఖం చూడనివాడికి మిగిలింది ఒంట్లోని జన్యువే కదా.

కోర్టుకాగితం:
జన్యువొక్కటే కాదు, ఒళ్లే ఒక రికార్డు. పాత ఎముక విరుగుళ్లు ఎక్స్-రేలో కనబడొచ్చు. తలకు దెబ్బ తగిలిందంటే ఎంఆర్ఐ అడగండి. తోబుట్టువులను విడివిడిగా కూర్చోబెట్టి అడగాలి, కలిపి అడిగితే పెద్దవాడి మాటే అందరి మాటవుతుంది. జైలులో ఎస్కార్టు పక్కన నిలబడి ఉండగా ఒక్క పూటలో ముగించిన ఇంటర్వ్యూను నమ్మొద్దు, తండ్రి కొట్టాడని ఖైదీ అక్కడ చెప్పడు. కనీసం రెండు మూడు విడతలు కలవాలి, అదీ అతని భాషలో.

తీర్పరి:
ఇంత పని చేసే న్యాయసహాయ లాయరు ఎంతమందికి దొరుకుతాడు? నా జన్యు కాగితం బలహీనమే కావచ్చు, కానీ అది ఒక్క పూటలో వస్తుంది.

జన్యులెక్క:
ప్రాసిక్యూషన్‌కూ అది ఒక్క పూటలోనే వస్తుందండీ.